హెంప్, గంజాయి: ఒకే మొక్క, రెండు చట్టాలు



మన భాషలో "తులసివనంలో గంజాయి మొక్క" అనే మాట ఉంది. మంచివాళ్ళ మధ్య చేరిన ఒక చెడ్డవాణ్ణి ఉద్దేశించి ఈ మాట అంటాం. ఈ మాటలో మొక్కే దోషి. ఈనాటి పాఠం ఆ మొక్క గురించే. దాన్ని పొగడడం మన ఉద్దేశం కాదు, తిట్టడమూ కాదు. ఒక చట్టం ఎలా పుడుతుంది, దాని వెనుక ఎవరెవరి ప్రయోజనాలు పనిచేస్తాయి, అది ఎవరి బతుకును ఎలా మారుస్తుంది అనే విషయాలు తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

ముందుగా రెండు దృశ్యాలు ఊహించుకోండి. మొదటిది ఉత్తరాఖండ్ కొండల్లోది. 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నార కోసం, గింజ కోసం ఈ మొక్కను సాగు చేసుకోవడానికి లైసెన్సు ఇచ్చింది. దేశంలో ఇలా అనుమతించిన మొదటి రాష్ట్రం అదే. రెండోది మన దగ్గరిదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలుగా పోసి తగులబెట్టారు. దేశం ఒకటే, చట్టం ఒకటే, వృక్షశాస్త్రం ప్రకారం మొక్కా ఒకటే. మరి ఒకచోట లైసెన్సు, ఇంకొకచోట నిప్పు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈనాటి మన పని.

పేర్లతో వచ్చే చిక్కు

ఇంగ్లీషు నిఘంటువు తెరిచి "హెంప్" అనే మాటకు తెలుగు అర్థం చూస్తే చాలాచోట్ల "జనుము" అనో "జనపనార" అనో కనిపిస్తుంది. ఇక్కడే విద్యార్థులు పొరపడతారు. మన రైతులు పచ్చిరొట్ట ఎరువుగా చల్లే జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. గోనెసంచులు నేసే జనపనార, అంటే జూట్, మరో మొక్క నుంచి వస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పండే గోగు ఇంకొకటి. ఈ గోగునారకు వ్యాపారంలో "బిమ్లీపట్నం జూట్" అని మన భీమునిపట్నం పేరే స్థిరపడింది. విచిత్రమేమిటంటే గోగు శాస్త్రీయనామం "హైబిస్కస్ కెన్నబినస్". ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుందని ఆ పేరు పెట్టారు. పోలిక ఆకులోనే, గుణంలో కాదు. మత్తుకూ మన గోంగూర పచ్చడికీ ఏ సంబంధమూ లేదు.

అసలైన హెంప్ మాత్రం "కెన్నబిస్ సటైవా" అనే మొక్క. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికి ఈ పేరు పెట్టాడు. మన దేశం నుంచి వెళ్ళిన నమూనాలను చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1785లో "కెన్నబిస్ ఇండికా" అని ఇంకో పేరు పెట్టాడు. తెలుగులో దీన్నే గంజాయి మొక్క అంటాం. అంటే హెంప్, గంజాయి అనేవి రెండు మొక్కల పేర్లు కావు. ఒకే జాతిలో మనుషులు తమ అవసరాన్ని బట్టి చేసుకున్న విభజన అది.

ఒక మొక్క, అనేక సరుకులు

ఈ మొక్క నుంచి ఏమేమి వస్తాయో వరసగా చూద్దాం. కాండం మీది బెరడు నుంచి బలమైన నార వస్తుంది. గోగును ఊరవేసినట్లే దీన్నీ నీటిలో ఊరవేసి నార తీస్తారు. తాళ్ళు, ఓడల తెరచాపలు, ముతక బట్టలు దీనితోనే చేసేవారు. నార తీశాక మిగిలే పుల్లను ముక్కలు చేసి సున్నంతో కలిపి గోడలు కడతారు. ఎల్లోరా గుహల్లోని మట్టిపూతలో ఈ మొక్క పీచు కలిపిన ఆనవాళ్ళు ఉన్నాయని మన పరిశోధకులు 2016లో ప్రచురించారు. గింజల నుంచి నూనె వస్తుంది. కుమావూ, గఢ్వాల్ ఇళ్ళలో ఆ గింజలు వేయించి నూరి పచ్చడి చేసుకుంటారు. గింజలో మత్తు లేదు.

మత్తు ఉండేది ముఖ్యంగా ఆడమొక్క పూతలో, ఆ పూతకు అంటుకుని ఉండే జిగురులో. ఆ మత్తు పదార్థం పేరు టెట్రా హైడ్రో కెన్నబినాల్. క్లుప్తంగా టి.హెచ్.సి. అంటారు. పూత ఎండబెడితే గంజాయి. జిగురు తీస్తే చరస్. ఆకు నూరితే భాంగు. ఈ మూడు మాటలు బాగా గుర్తుపెట్టుకోండి. మన చట్టమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

పన్ను కోసం ఒక విచారణ

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వానికి గంజాయి ఒక ఆదాయ వనరు. బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, లైసెన్సులతో సాగు చేయించి, గిడ్డంగుల్లో నిల్వ చేయించి, సుంకం వసూలు చేసేవారు. "ఈ మత్తు వల్ల ప్రజలు చెడిపోతున్నారు, పిచ్చివాళ్ళవుతున్నారు" అని బ్రిటన్ పార్లమెంటులో ప్రశ్న లేవడంతో 1893లో ఒక విచారణ సంఘాన్ని నియమించారు. అదే ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్. మాక్‌వర్త్ యంగ్ దాని అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. ఆ సంఘం 1,193 మంది సాక్షులను విచారించింది. వైద్యులు, అధికారులు, సాగుదారులు, మిషనరీలు అందరూ అందులో ఉన్నారు. పిచ్చాసుపత్రుల రికార్డులను కూడా ఒక్కొక్కటిగా తిరగేసింది. "గంజాయి వల్ల పిచ్చి" అని రాసిన కేసుల్లో చాలావాటికి సరైన ఆధారం లేదని తేల్చింది.

1894లో వచ్చిన నివేదిక సారాంశం ఇది: మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తిగా నిషేధిస్తే ప్రజలు సారా వంటి మరింత ప్రమాదకరమైన మత్తుల వైపు పోతారు, కాబట్టి నిషేధం వద్దు, లైసెన్సు పెట్టి పన్ను వేసి అదుపు చేయండి. శ్రద్ధగా జరిగిన విచారణ ఇది. అయినా సాంఘిక శాస్త్రం చదివే విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి. ఏ సరుకు మీద పన్ను వస్తోందో ఆ సరుకు గురించి పన్ను తీసుకునే ప్రభుత్వమే విచారణ జరిపితే, ఆ ఫలితాన్ని ఎలా చదవాలి? అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. ఆధారాలను ఆధారాలుగా, ప్రయోజనాన్ని ప్రయోజనంగా వేరువేరుగా తూచాలి. ఈ తూకం మనకు చివరిదాకా కావాలి.

అమెరికా కథ, అందులో పిట్టల మేత

ఇప్పుడు అమెరికాకు వెళదాం. అక్కడ 1937లో గంజాయి మీద పన్ను చట్టం వచ్చింది. పేరుకు పన్ను, ఫలితంలో నిషేధం. దీని కోసం గట్టిగా వాదించినవాడు మాదకద్రవ్యాల శాఖ అధిపతి హ్యారీ ఆన్స్‌లింగర్. అమెరికన్ వైద్య సంఘం తరఫున విలియం వుడ్‌వర్డ్ ఈ బిల్లును వ్యతిరేకించాడు. అయినా చట్టమైంది.

ఈ చట్టం గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. నైలాన్ కనిపెట్టిన డ్యూపాంట్ కంపెనీ, కాగితపు అడవులున్న పత్రికాధిపతి హెర్‌స్ట్ కలిసి హెంప్ నారను దెబ్బకొట్టడానికే ఈ చట్టం తెప్పించారని ఆ కథ. వినడానికి ఆసక్తిగా ఉంటుంది. కాని దీనికి నేరుగా రుజువులు లేవని చాలామంది చరిత్రకారులు చెబుతారు. అప్పటికే అమెరికాలో హెంప్ సాగు బాగా తగ్గిపోయింది. పైగా హెర్‌స్ట్ పత్రికలు కాగితాన్ని కొనేవి. కాగితం చౌకైతే ఆయనకే లాభం. ఒక చట్టం వల్ల ఒకరికి లాభం కలిగినంత మాత్రాన వారే దాన్ని చేయించారని చెప్పలేం. ఈ సూత్రాన్ని మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

అలాగని పరిశ్రమల ప్రయోజనాలు ఆ చట్టంలో లేవా? ఉన్నాయి. రుజువులతో సహా ఉన్నాయి. కాకపోతే అవి పెద్ద కంపెనీలవి కావు, పిట్టల మేత అమ్మే వ్యాపారులవి. పెంపుడు పక్షులకు హెంప్ గింజలు మంచి మేత. గింజల్ని చట్టం నుంచి తప్పించమని ఆ వ్యాపారులు చట్టసభ కమిటీ ముందు అడిగారు. మొలకెత్తకుండా చేసిన గింజలకు మినహాయింపు దొరికింది. ముదిరిన కాండానికి, దాని నారకు కూడా మినహాయింపు ఇచ్చారు. పరిశ్రమల ప్రభావం చాలాసార్లు ఇలాగే, నిర్వచనంలోని ఒక చిన్న వాక్యంగా కనిపిస్తుంది. రహస్య సమావేశాల కోసం వెతికేవాళ్ళకు ఆ వాక్యం కనిపించదు.

తర్వాత ఏం జరిగింది? రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించింది. ఓడల తాళ్ళకు కావలసిన మనీలా నార రావడం ఆగిపోయింది. 1942లో అమెరికా వ్యవసాయశాఖే "హెంప్ ఫర్ విక్టరీ" అనే సినిమా తీసి రైతులను హెంప్ వేయమని ప్రోత్సహించింది. యుద్ధం అయ్యాక మళ్ళీ కట్టడి మొదలైంది. మొక్క మారలేదు, అవసరం మారింది.

మన చట్టం ఏమంటుంది?

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో మాదకద్రవ్యాల ఒప్పందం కుదిరింది. అందులో కెన్నబిస్ అంటే పూత అని నిర్వచించారు. పూత లేని ఆకును, గింజను వదిలేశారు. మన దేశంలో పండుగలకు భాంగు తాగే అలవాటు తరతరాలుగా ఉన్న సంగతి తెలిసిందే. ఆకును వదిలేయడం వల్ల దానికి చోటు మిగిలింది. నార కోసం, గింజ కోసం చేసే సాగుకు ఈ ఒప్పందం వర్తించదని 28వ అధికరణంలో స్పష్టంగా రాశారు.

ఈ ఒప్పందానికి అనుగుణంగా మన పార్లమెంటు 1985లో మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టం చేసింది. దీన్నే ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అంతకు ముందు అనేక రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో దొరికిన గంజాయి ఈ చట్టంతో నేరమైంది. భాంగు ఆకు మాత్రం రాష్ట్రాల ఎక్సైజు చట్టాల కిందే ఉండిపోయింది. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న భాంగు దుకాణాలు కనిపిస్తాయి.

ఇక మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఈ చట్టంలోని 14వ సెక్షన్‌లో ఉంది. నార కోసం, గింజ కోసం, తోటపని కోసం ఈ మొక్కను పెంచడానికి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వవచ్చు. 1985 నుంచీ ఈ తలుపు ఉంది. కాని తలుపు తాళంచెవి ప్రభుత్వం చేతిలో ఉంది. అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. పదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

కొండ రైతుకు లాభమెంత?

ఉత్తరాఖండ్ లైసెన్సుల్లో ఒక ముఖ్యమైన షరతు ఉంది. మొక్కలో టి.హెచ్.సి. 0.3 శాతానికి మించకూడదు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? కెనడా వృక్షశాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్మాల్ 1976లో మొక్కలను వర్గీకరించే సౌకర్యం కోసం ఈ గీత గీశాడు. ఈ గీత కొంత ఇష్టానుసారంగా గీసిందేనని తానే ఒప్పుకున్నాడు. తరవాత అదే అంకె చట్టాల్లోకి ఎక్కింది. అమెరికా 2018 వ్యవసాయ చట్టంలో 0.3 శాతంలోపు ఉన్నదాన్నే హెంప్ అని నిర్వచించి సాగుకు అనుమతించింది. వెంటనే కొందరు వ్యాపారులు ఆ నిర్వచనంలోని సందును వాడుకుని, హెంప్ నుంచి మత్తు కలిగించే ఇతర పదార్థాలు తయారుచేసి మిఠాయిల్లోనూ పానీయాల్లోనూ కలిపి అమ్మారు. దాంతో 2025 నవంబరులో అమెరికా ఆ నిర్వచనాన్ని మళ్ళీ బిగిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. ఒక చిన్న అంకె చుట్టూ ఎంత వ్యాపారం నడుస్తుందో చూడండి.

మన కొండల్లోని దేశవాళీ రకాలలో చాలావాటిలో టి.హెచ్.సి. ఈ హద్దును దాటుతుంది. అప్పుడు రైతు ఏం చేయాలి? హద్దులోపు ఉండే విత్తనం బయటి నుంచి కొనాలి. పంటను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. పరీక్షలో తప్పితే పంట నాశనం చేయాలి. నార తీసే యంత్రం కావాలి, కొనేవాడు కావాలి. తాతల నాటి నుంచి ఇంటి వెనక పెంచి నార తీసుకున్న కుటుంబానికి ఈ ఖర్చు భారం. పెట్టుబడి ఉన్న కంపెనీకి అంత భారం కాదు. కాబట్టి "అనుమతి ఇచ్చారు" అన్నంత మాత్రాన అందరికీ అనుమతి దొరికినట్లు కాదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల ద్వారా ప్రయోగాత్మక సాగుకు ఆమోదం తెలపడం ఈ దృష్టితో గమనించదగ్గది. స్థానిక పరిస్థితులకు తగిన విత్తనం ప్రభుత్వ పరిశోధన నుంచి వస్తే చిన్నరైతు నిలబడే అవకాశం ఉంటుంది.

ఇంకో పోలిక చూడండి. ఆహారధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో మన పార్లమెంటు చట్టం చేసింది. జూట్ రైతులను, మిల్లు కార్మికులను కాపాడడం దాని ఉద్దేశం. అంటే ఒక నారకు చట్టమే మార్కెట్టు సృష్టించింది, ఇంకొక నారకు చట్టమే గేటు వేసింది. రెండింటికీ కారణాలున్నాయి. కాని "మార్కెట్టు తనంతట తాను నిర్ణయించింది" అని రెండింటిలో దేని గురించీ చెప్పలేం.

మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజను, గింజల నూనెను, పిండిని ఆహారంగా అమ్మడానికి నిబంధనలు ఇచ్చింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి 27–25 ఓట్లతో తొలగించింది. అప్పుడు భారతదేశం తొలగింపుకు అనుకూలంగా ఓటు వేసింది. అయితే గంజాయి మీద నియంత్రణ పోలేదు. పొరుగున పాకిస్తాన్ 2024లో ఒక నియంత్రణ సంస్థను ఏర్పాటు చేస్తూ చట్టం చేసింది. నేపాల్‌లో 1973 వరకు లైసెన్సు దుకాణాలుండేవి, ఆ ఏడాది వాటిని రద్దు చేశారు. థాయిలాండ్ 2022లో ఆంక్షలు ఎత్తివేసి, 2025లో వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని మళ్ళీ బిగించింది. ఒక్కో దేశం ఒక్కో దారిలో వెతుకుతోంది.

మన ఏజెన్సీ సంగతి

ఇక మన ఇంటి విషయానికి వద్దాం. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా ప్రాంతంలో, గంజాయి సాగు ఏళ్ళతరబడి జరిగింది. అది నార కోసం కాదు, పూత కోసం. 2021 చివర్లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికించారు. ఆ సాగులో లాభం ఎవరిది? పెట్టుబడి పెట్టేవాడు, కొనేవాడు ఎక్కువగా బయటివాడు. పొలంలో దొరికేది గిరిజన రైతు. బస్సులో, రైలులో సంచితో దొరికేది చాలాసార్లు ఇరవై ఏళ్ళ కుర్రవాడు. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా వంటి పంటలకు నిలకడైన ధర, దారి, మార్కెట్టు ఉన్నచోట గంజాయి దళారీ మాట చెల్లదు. తోట నరకడం ఒక రోజు పని. ప్రత్యామ్నాయం నిలబెట్టడం ఏళ్ళ పని.

విద్యార్థులు ఈ లెక్కలు తెలుసుకోవాలి. చట్టం ప్రకారం కిలోలోపు గంజాయి "స్వల్ప పరిమాణం", దానికి ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే "వాణిజ్య పరిమాణం". దానికి కనీసం పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ళు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడం చాలా కష్టం. "ఈ సంచి ఫలానా ఊరిలో ఇచ్చేసిరా, కాలేజీ ఫీజుకు డబ్బిస్తాను" అన్న ఒక్క మాటకు ఒక చదువు, ఒక యౌవనం మొత్తం పోయే ప్రమాదం ఉంది.

ఆరోగ్యం సంగతి కూడా దాచకూడదు. మెదడు ఎదుగుతున్న వయసులో టి.హెచ్.సి. జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. కొందరిలో తీవ్రమైన మానసిక వ్యాధికి దారితీస్తుంది. 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 3.1 కోట్ల మంది భాంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి సర్వేకు ముందటి ఏడాదిలో వాడారు. సుమారు 72 లక్షల మందికి దాని నుంచి బయటపడడానికి సహాయం అవసరం. మీ స్నేహితుల్లో ఎవరైనా చిక్కుకుంటే వెలివేయకండి. 14446 అనే జాతీయ ఉచిత ఫోను నంబరు ఉంది. అలవాటుపడి స్వల్ప పరిమాణంతో దొరికినవారు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64-ఎ సెక్షన్ కూడా ఈ చట్టంలోనే ఉంది.

ముగింపు

ఈనాటి పాఠాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. మన చట్టం మొక్కను పూర్తిగా నిషేధించలేదు. పూతను, జిగురును నిషేధించింది. నారకు, గింజకు అనుమతితో దారి విడిచింది. ఆ దారిలో ఎవరు నడవగలరన్నది షరతులను బట్టి ఉంటుంది. ఆ షరతులను పన్ను అవసరం, యుద్ధం, పిట్టల మేత, విత్తన వ్యాపారం, ప్రజారోగ్యం అన్నీ కలిసి మలిచాయి.

రేపు పత్రికలో "హెంప్ బంగారు పంట" అన్న వార్త చదివినా, "గంజాయి మహమ్మారి" అన్న వార్త చదివినా, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ చెబుతున్నది మొక్కలోని ఏ భాగం గురించి? ఈ నిబంధన వల్ల లాభపడేది ఎవరు, ఆ మాటకు రుజువేమిటి? నష్టం వస్తే భరించేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబుగా కొండ మీది రైతో, మీ తరగతిలోని కుర్రవాడో కనిపిస్తే, ఆ వార్తను మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చదవండి.